బడి నుంచి ఇంటికి ఒంటరిగా: బిడ్డను ఎప్పుడు పంపవచ్చో ఎలా నిర్ణయించుకోవాలి

విశాఖపట్నంలో ఏటా జూన్ నెలలో బడులు తెరిచాక, లాంగ్‌బెల్ కోసం గేటు ముందు ఎదురుచూసే తల్లిదండ్రుల మధ్య ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: "మీ అబ్బాయిని ఒక్కడినే ఎప్పటి నుంచి పంపుతున్నారు?" ఎవరికి వారు ఒక వయసో, ఒక తరగతో జవాబుగా చెబుతారు. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నేనూ ఆ ప్రశ్న చాలామందిని అడిగాను, కాని వచ్చిన జవాబుల్లో ఏదీ నాకు అక్కరకు రాలేదు. ఎంవీపీ కాలనీలో ఒకే సెక్టారు లోపలి వీధుల్లో మొదలై అక్కడే ముగిసే అర కిలోమీటరు దారిలో నిక్షేపంగా ఇల్లు చేరే తొమ్మిదేళ్ళ బిడ్డను, మద్దిలపాలెం దగ్గర జాతీయ రహదారి దాటవలసిన అర కిలోమీటరు దారిలో అదే ధైర్యంతో పంపలేము. ఆ రెండో దారిలోనే సాయంత్రం నాలుగున్నరకు పంపడం ఒక ఎత్తు, ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం పన్నెండున్నరకు పంపడం మరొక ఎత్తు. అందువల్ల బిడ్డ సిద్ధమయ్యాడా లేదా అని అడిగేటప్పుడు ఏ దారికి, ఏ వేళకు, ఏ కాలంలో అన్నవి కూడా కలిపే అడగాలి. కింద వివరించిన పద్ధతి మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. తొందర లేకుండా చేస్తే దీనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ వారాలను మిగుల్చుకోవాలని చూడకండి.

మొదటి మెట్టు: బడి వదిలే వేళకే దారిని నడిచి చూడండి

ఆదివారం ఉదయం చూసిన దారి, పనిరోజు సాయంత్రం చూసిన దారి ఒకటి కావు. కనుక కనీసం మూడు పనిరోజుల్లో, గంట కొట్టే సమయానికి బడి గేటు దగ్గర ఉండి, ఇంటి వరకు బిడ్డ నడిచే వేగంతోనే నడవండి. బండి మీద వెళ్తే మీకు కనిపించేవి వేరు. చేతిలో చిన్న పుస్తకం ఉంచుకొని, రోడ్డు దాటవలసిన ప్రతి చోటును, ఫుట్‌పాత్ మాయమయ్యే ప్రతి చోటును, మీరు స్వయంగా ఆగి ఆలోచించవలసి వచ్చిన ప్రతి చోటును రాసుకోండి. పెద్దవారైన మీరే తడబడిన చోట బిడ్డ ఒంటరిగా నెగ్గుకొస్తుందని ఆశించకూడదు.

దాటే ప్రతి చోట ఒకసారి మోకాళ్ళు వంచి, బిడ్డ కళ్ళ ఎత్తుకు దిగి చూడండి. తొమ్మిదేళ్ళ బిడ్డ సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది; రోడ్డు పక్కన ఆపిన మామూలు కారు దానికన్నా ఎత్తుగా ఉంటుంది. రెండు కార్ల మధ్య నుంచి రోడ్డు మీదకు అడుగుపెట్టే బిడ్డకు వచ్చే బండి కనిపించదు, బండి నడిపేవారికి బిడ్డ కనిపించదు. మీ కళ్ళకు శుభ్రంగా కనిపించిన మలుపు, కిందికి దిగి చూసేసరికి ఒక కిరాణా కొట్టు బోర్డు వెనకో, ఇస్త్రీ బండి వెనకో పూర్తిగా దాగిపోవచ్చు.

మన ఊరి రోడ్లకు ప్రత్యేకమైన కొన్ని ప్రమాదాలను విడిగా గుర్తించాలి. మొదటిది వాలు. కొండల మధ్య, కొండల మీద కట్టిన ఊరు కావడం వల్ల ఇక్కడ చాలా వీధులు పల్లానికి దిగుతూ ఉంటాయి. సిరిపురం నుంచి సముద్రం వైపు దిగే రోడ్ల మీద ద్విచక్ర వాహనాలు యాక్సిలరేటర్ తిప్పకుండానే వేగం అందుకుంటాయి కనుక శబ్దం తక్కువగా ఉంటుంది, బ్రేకు వేసినా ఆగే దూరం పెరుగుతుంది. విద్యుత్ స్కూటర్లు వచ్చిన తరువాత, చెవులతో విని బండిని పసిగట్టే అలవాటు అసలే సరిపోవడం లేదు. రెండవది షేరు ఆటో. ప్రయాణికుడు చెయ్యెత్తితే చాలు, అది ఉన్నట్టుండి ఎడమకు వచ్చి రోడ్డు అంచున ఆగుతుంది; బడి పిల్లలు నడిచేది సరిగ్గా ఆ అంచుమీదనే. మూడవది రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు. డివైడర్ ఉన్న రోడ్డులో ఒక వైపు నుంచే బండ్లు వస్తాయని మనం పిల్లలకు నేర్పుతాము, కాని వాస్తవంలో రెండు వైపులా చూడకుండా ఏ రోడ్డూ దాటకూడదని నేర్పాలి. నాలుగవది సిగ్నళ్ళ దగ్గర ఫ్రీ లెఫ్ట్: ఎర్రదీపం వెలిగి ఉన్నప్పుడు కూడా ఎడమకు తిరిగే బండ్లు ఆగవు. "ఎర్రదీపం పడితే బండ్లు ఆగుతాయి, అప్పుడు దాటు" అని మాత్రమే నేర్చుకున్న బిడ్డ ఈ ఒక్క చోట దెబ్బతినే అవకాశం ఎక్కువ. కనుక దారిలో సిగ్నల్ ఉంటే, ఎడమకు తిరిగే బండ్లు ఏ మూల నుంచి వస్తాయో అక్కడే నిలబెట్టి చూపించాలి.

గెడ్డల సంగతి, అంటే ఊరి మధ్య నుంచి పారే పెద్ద కాలువల సంగతి, వేరుగా చెప్పాలి. మామూలు రోజుల్లో గెడ్డ పక్కన నడవడం వల్ల వాసన తప్ప ఇబ్బంది ఉండదు కనుక మనం దాన్ని ప్రమాదంగా లెక్కించము. గట్టి వాన అరగంట పడితే కొండల మీద నుంచి వచ్చే నీరంతా ఆ గెడ్డల్లోకే చేరుతుంది, కొన్ని చోట్ల నీటి మట్టం రోడ్డుతో సమానమై రోడ్డెక్కడో గెడ్డెక్కడో తెలియకుండా పోతుంది. దారిలో గోడ లేని గెడ్డగాని, మూత లేని కాలువగాని ఉంటే ఆ దారిని వానాకాలానికి పనికిరానిదిగా రాసుకోండి. ఆ నాలుగు నెలలకు వేరే దారి చూసుకోవాలి, లేదా మీరే వెళ్ళాలి.

అన్నీ రాసుకున్న తరువాత, పొట్టి దారిని కాకుండా తక్కువసార్లు రోడ్డు దాటే దారిని ఎంచుకోండి. రెండు వందల మీటర్లు ఎక్కువ నడిచినా ఒక పెద్ద రోడ్డు దాటడం తప్పితే అదే మేలైన దారి. ఫుట్‌పాత్ లేని చోట బిడ్డ రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. దారి ఒకటే ఉండాలి, అది మారకూడదు. ఆలస్యమైన రోజున మీరు ఎదురు వెళ్తే బిడ్డ మీకు తప్పకుండా తారసపడాలంటే ఇదొక్కటే ఉపాయం.

దూరం విషయంలో ఒక కొలమానం చెబుతాను. విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి ఒక కిలోమీటరు నడక దూరంలోను, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి మూడు కిలోమీటర్లలోను ఉండాలని చెబుతాయి. అవి బడి ఎక్కడ ఉండాలో చెప్పే నియమాలే, ఒంటరి నడక గురించి చెప్పినవి కావు. అయినా ప్రాథమిక తరగతుల బిడ్డకు ఒక కిలోమీటరును గరిష్ఠ దూరంగా పెట్టుకోవడం సబబని నా అభిప్రాయం. పుస్తకాల సంచి బరువును కూడా దూరంతో కలిపి చూడాలి. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బిడ్డ బరువులో పదో వంతు మించకూడదు, అంటే ముప్ఫై కిలోల బిడ్డకు మూడు కిలోలు. అంతకన్నా బరువైన సంచి మోస్తున్న బిడ్డ తల పూర్తిగా తిప్పి వెనక్కి చూడదు, అడుగు వెనక్కి వేయవలసి వచ్చినప్పుడు తూలుతుంది.

గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడల మీదుగా సాగే పదహారో నంబరు జాతీయ రహదారిని దాటవలసిన దారి అయితే, అక్కడ పాదచారుల వంతెనగాని, బడి వేళల్లో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుగాని లేనప్పుడు, బిడ్డ ఎంత తెలివైనదైనా ప్రాథమిక తరగతుల్లో ఒంటరిగా పంపవద్దు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మీరు రహదారి వరకు వచ్చి దాటించి, మిగిలిన దారి బిడ్డను ఒంటరిగా నడవనివ్వడం మంచి మధ్యేమార్గం.

రెండవ మెట్టు: రోడ్డు అంచున నిలబడి అంచనా వేయడం నేర్పండి

వయసు లెక్కలోకి వచ్చేది ముఖ్యంగా ఇక్కడే. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు 2010 ప్రాంతంలో చేసిన ప్రయోగాల్లో, ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు గంటకు సుమారు 32 కిలోమీటర్లు మించిన వేగంతో తమ వైపు వచ్చే బండి వేగాన్ని నమ్మకంగా గుర్తించలేకపోతున్నారని తేలింది. దూరం నుంచి వచ్చే వస్తువు కంటికి ఎంత త్వరగా పెద్దదవుతున్నదో చూసి మనం వేగాన్ని పసిగడతాము; ఆ సామర్థ్యం ఎదుగుతున్న వయసులో ఇంకా పూర్తిగా రాదు. దీనిలో బిడ్డ నిర్లక్ష్యం ఏమీ లేదు, తిడితే వచ్చే సామర్థ్యమూ కాదు. కనుక బండ్ల వేగాన్ని అంచనా వేసి దాటడం కాకుండా, ఎంత దూరం ఖాళీగా ఉంటే దాటవచ్చో గుర్తు పెట్టుకొని దాటడం నేర్పాలి.

లెక్క ఇలా చేయండి. ఏడు మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డును బిడ్డ మామూలు నడకతో దాటడానికి సుమారు ఆరు సెకన్లు పడుతుంది. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ ఆరు సెకన్లలో 65 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చేది వంద మీటర్లు వస్తుంది. మీ దారిలో దాటే చోటి నుంచి వంద మీటర్లు అడుగులతో కొలిచి, ఆ దూరంలో కదలని ఒక గుర్తును ఎంచుకోండి. అది ఒక మెడికల్ షాపు కావచ్చు, ఒక గుడి గోపురం కావచ్చు, ఫలానా కరెంటు స్తంభం కావచ్చు. "ఆ గుర్తుకు ఇవతల ఏ బండీ లేకపోతేనే అడుగు వేయాలి" అన్నది నియమం. రెండు దిక్కుల్లోను చెరొక గుర్తు ఉండాలి. వంద మీటర్లు కనిపించనివ్వని మలుపు దగ్గర దాటే చోటు పెట్టుకోకండి.

తరువాత వారం రోజులు రోడ్డు దాటకుండా అంచునే నిలబడి అభ్యాసం చేయించండి. బిడ్డ "ఇప్పుడు" అనాలి. మీరు మనసులో ఆరు లెక్కపెట్టాలి. ఆరు పూర్తికాకముందే ఏ బండైనా మీ ముందుకు వస్తే అది తప్పిన అంచనా. ఇరవైసార్లకు ఇరవైసార్లూ సరిగా చెప్పే వరకు తరువాతి మెట్టు ఎక్కవద్దు. పందొమ్మిది మార్కులు పరీక్షలో మంచి మార్కులే, రోడ్డు మీద కావు. అలాగే ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటకూడదని, అటువైపు నుంచి స్నేహితులు పిలిచినా ముందు రోడ్డునే చూడాలని, రోడ్డు మధ్యలో ఉండగా చేతిలోది ఏదైనా పడిపోతే దాన్ని వదిలేసి దాటిపోవాలని ఈ వారంలోనే చెప్పాలి. ఈ చివరి మాటను ఇంట్లోనే ఒకసారి నటించి చూపండి. నీళ్ళ సీసా పడిపోతే పిల్లలు ఆలోచించకుండా దాని కోసం వంగుతారు.

మూడవ మెట్టు: బిడ్డలో ఏమి చూడాలి

ఎనిమిదేళ్ళు నిండని బిడ్డను, అంటే మూడో తరగతి దాటని వారిని, ఎంత దగ్గర దారికైనా ఒంటరిగా పంపకపోవడం మంచిది. ఎనిమిది నుంచి పదేళ్ళ మధ్య, పెద్ద రోడ్డు దాటే పని లేని కాలనీ వీధుల దారి అయితే ఆలోచించవచ్చు. సిగ్నల్ దగ్గర దాటవలసిన దారికి పదేళ్ళు దాటాలి. ఇవి నేను పెట్టుకున్న హద్దులు. మీ దారిని బట్టి వీటిని పెంచవచ్చు, తగ్గించవద్దు.

వయసు సరిపోయాక చూడవలసినవి మార్కులూ కావు, చలాకీతనమూ కాదు. వీధి చివరి కొట్టుకు పాల ప్యాకెట్ కోసం పంపితే, నేరుగా వెళ్ళి, చిల్లర లెక్క చూసుకొని, నేరుగా తిరిగి వస్తున్నదా? మధ్యలో ఆట చూస్తూ నిలబడిపోతే ఆ సంగతి మీరు అడగకముందే చెబుతున్నదా? ఇంటి చిరునామా, రెండు ఫోన్ నంబర్లు కంగారులో ఉన్నప్పుడు కూడా తడుముకోకుండా చెప్పగలదా? నిద్రలేవగానే అడిగి చూడండి, అప్పుడు తెలుస్తుంది. కొత్త పెద్దవారి దగ్గరకు వెళ్ళి "ఆంటీ, ఒకసారి మా అమ్మకు ఫోన్ చేసి ఇస్తారా" అని గట్టిగా అడగగలదా? బిడియం ఎక్కువైన పిల్లలు ఈ ఒక్క మాట అడగలేక గంటల తరబడి ఇబ్బంది పడతారు. అడగడం సాధనతో వస్తుంది కనుక, మెడికల్ షాపులోనో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరో మీరు పక్కన ఉండగా నాలుగుసార్లు అడిగించండి.

పెద్దవారికి కాదని చెప్పగలగడం దీనికన్నా కష్టమైనది. మన ఇళ్ళలో పెద్దల మాట జవదాటకూడదని నేర్పుతాము, మంచిదే. కాని బడి దారిలో తెలిసిన వీధి అంకుల్ బండి ఆపి "ఎక్కు, మీ ఇంటి దగ్గర దింపుతాను" అన్నప్పుడు "వద్దండీ, మా నాన్నగారు నడిచే రమ్మన్నారు" అని చెప్పి నడక సాగించడం బిడ్డకు రావాలి. అలా చెప్పినందుకు ఆ పెద్దమనిషి తరువాత మీ దగ్గర నొచ్చుకున్నా, మీరు బిడ్డ పక్షాన నిలబడాలి, ఆ విషయం బిడ్డకు ముందే తెలియాలి. నిజంగా మీరే ఎవరినైనా పంపవలసి వస్తే చెప్పుకోవడానికి ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకోండి. ఆ మాట చెప్పనివారు బాబాయి అయినా, మావయ్య అయినా వెంట వెళ్ళకూడదు. గేటు దాటగానే ఐడీ కార్డును సంచిలో పెట్టుకోమనండి. పేరు పెట్టి పిలిచినవారంతా తెలిసినవారే అనుకునే వయసు అది.

అన్నిటికన్నా నేను ఎక్కువ బరువు ఇచ్చేది ఒక విషయానికి ఉంది. తనవల్ల పొరపాటు జరిగినప్పుడు బిడ్డ దాన్ని ఇంట్లో చెబుతున్నదా, దాస్తున్నదా? గొడుగు పోయినా, చెయ్యి గీసుకుపోయినా తిడతారేమోనని దాచే బిడ్డ, రేపు దారిలో ఎవరో వెంటపడినా, "ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అని ఎవరైనా బెదిరించినా కూడా దాస్తుంది. మీ ఇంట్లో ఆ పరిస్థితి ఉంటే, ఒంటరి నడకను ఆరు నెలలు వాయిదా వేసి, ముందు మీ కోపాన్ని తగ్గించుకోవడం మీద పనిచేయండి. "ఎవరికీ చెప్పకు అని ఎవరు అన్నా, ఆ సంగతే ముందుగా మాకు చెప్పాలి" అన్న మాట ఆడపిల్లలకే కాక మగపిల్లలకు కూడా సమానంగా చెప్పాలి.

నాలుగవ మెట్టు: దగ్గర నుంచి దూరానికి జరగండి

మొదటి వారం పక్కపక్కన నడుస్తూ, తను చూసినవన్నీ బిడ్డతో పైకి చెప్పించండి: "ఎడమ సందులోంచి బండి వస్తోంది, ఆగుతున్నాను" అన్నట్టుగా. రెండో వారం బిడ్డ ముందు నడవాలి, మీరు ఒక అడుగు వెనక ఉండి, ప్రమాదం అయితే తప్ప నోరు తెరవకూడదు. పెద్దలకు ఇదే అన్నిటికన్నా కష్టమైన వారం, ఎందుకంటే బిడ్డ చేయబోయే ప్రతి పనినీ మనం అర సెకను ముందే చెప్పేస్తూ ఉంటాము, ఆ అలవాటు వల్ల బిడ్డకు తెలిసినదెంతో మనకు ఎప్పటికీ తెలియదు. మూడో వారం యాభై అడుగుల వెనక నడవండి. నాలుగో వారం గేటు దగ్గరకు వెళ్ళకుండా, దారి మధ్యలో ముందుగా అనుకున్న చోట నిలబడి ఎదురుచూడండి. రోజురోజుకు ఆ చోటును ఇంటికి దగ్గరగా జరుపుకుంటూ రండి.

ఐదో వారంలో ఒకటి రెండు రోజులు బిడ్డకు తెలియకుండా గమనించడం అవసరం. దీన్ని మోసమని అనుకోవద్దు. వారం గడిచిన తరువాత ఆ సంగతి బిడ్డకు చెప్పండి, చూసిన మంచిని కూడా చెప్పండి. ఒంటరిగా ఉన్నప్పుడు జాగ్రత్తగా నడిచే బిడ్డ, ముగ్గురు స్నేహితులతో కలిసినప్పుడు కబుర్లలో పడి రోడ్డు చూడకపోవచ్చు. గుంపులో ఎలా నడుస్తున్నదో చూసిన తరువాతే తుది నిర్ణయం తీసుకోండి.

ఐదవ మెట్టు: అనుకున్నట్టు జరగని రోజుకు సిద్ధం చేయండి

మామూలు రోజున ఇల్లు చేరడం చాలామంది పిల్లలకు నాలుగు వారాల్లో వస్తుంది. నిజంగా పరీక్షించవలసినది ఏదైనా తేడా వచ్చిన రోజున బిడ్డ ఏమి చేస్తుందన్నది. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. మా అమ్మాయి ఒంటరిగా రావడం మొదలుపెట్టిన రెండో నెలలో, ఒక మధ్యాహ్నం బడి వారు ఏదో కారణంతో గంటన్నర ముందే పిల్లలను వదిలారు. మాకు సమాచారం లేదు. అమ్మాయి జాగ్రత్తగానే ఇల్లు చేరింది, కాని ఇంటికి తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చుని గంటకు పైగా ఏడ్చింది. పక్కింటి తలుపు కొట్టవచ్చని తనకు ఎవరూ చెప్పలేదు. రోడ్డు దాటడం గురించి నెలన్నర నేర్పిన నేను, తాళం గురించి ఒక్క నిమిషం మాట్లాడలేదు.

అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఇది. ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని, "ఇలా అయితే ఏమి చేస్తావు" అని ఒక్కొక్కటిగా అడగండి, జవాబు మీరు అందించకండి. బడి ముందే వదిలేస్తే? ఇంటికి తాళం ఉంటే? రోజూ వచ్చే వీధిలో పెళ్ళి పందిరి వేసి దారి మూసేస్తే? వాన పెద్దదైతే? కుక్కలు గుంపుగా ఉంటే? ఎవరో వెనకనే వస్తున్నట్టు అనిపిస్తే? ప్రతిదానికీ బిడ్డ నోటితో ఒక స్పష్టమైన చోటి పేరు, ఒక మనిషి పేరు రావాలి. "పరిగెత్తుకొచ్చేస్తాను" అన్నది జవాబు కాదు.

దారి పొడుగునా రెండు మూడు ఆగే చోట్లు ముందుగా కుదుర్చుకోండి. రోజూ ఒకే చోట ఉండే ఇస్త్రీ బండి ఆయన, మెడికల్ షాపు వారు, తెలిసిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, కిరాణా కొట్టు ఆవిడ, ఇటువంటివారు దీనికి తగినవారు. మీరు బిడ్డను వెంటబెట్టుకొని వెళ్ళి, "మా పాప రోజూ ఇటుగా వెళ్తుంది, ఎప్పుడైనా వచ్చి అడిగితే మాకు ఫోన్ చేయండి" అని చెప్పి, నంబరు ఇచ్చి రండి. మా వీధిలో ఏ ఒక్కరూ దీనికి విసుక్కోలేదు. పైగా ఇప్పటికీ నేను కనిపిస్తే అమ్మాయి సంగతి అడుగుతారు. ఎవరైనా వెంటపడినట్టు అనిపించినప్పుడు బిడ్డ ఇంటి వైపు కాకుండా మనుషులున్న దగ్గరి కొట్టు వైపు వెళ్ళాలి. పిల్లల సహాయానికి 1098, ఏ అత్యవసరానికైనా 112 అన్న రెండు నంబర్లు కూడా బిడ్డకు కంఠస్థం కావాలి.

కుక్కల గుంపు ఎదురైతే పరిగెత్తకుండా, వాటి కళ్ళలోకి చూడకుండా, సంచిని ముందుకు పెట్టుకొని మెల్లగా పక్కకు తప్పుకోవాలి. కరిచినా, గీరినా దాచకుండా వెంటనే చెప్పాలి. ఆ గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి టీకా వేయించాలి. చిన్న గీతే కదా అని వదిలేయడానికి వీలులేని విషయం ఇది.

సమయానికి కూడా ఒక నియమం పెట్టండి. ఇరవై నిమిషాల దారికి ముప్ఫై నిమిషాలు గడువు ఇవ్వండి. ముప్ఫై ఒకటో నిమిషాన ఇంట్లో ఉన్నవారు ఎదురు బయలుదేరాలి. ఈ నియమం బిడ్డకు తెలిసి ఉండాలి, అప్పుడు చిక్కులో ఉంటే అక్కడే ఆగి ఉండడానికి ధైర్యం వస్తుంది. ఫోన్ విషయంలో నేను పట్టుదలగా లేను. చాలా బడులు ఫోన్ తేనివ్వవు, తెచ్చిన బిడ్డ దారిలో దాన్నే చూస్తూ నడుస్తుంది.

ఒంటరిగా పంపకూడని రోజులు

క్యాలెండర్ ముందు పెట్టుకొని, ఏడాది మొదట్లోనే కొన్ని రోజులకు గుర్తు పెట్టండి. ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణకు లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. హనుమంతవాక, ఎంవీపీ కాలనీ, ఎన్‌ఏడీ, గోపాలపట్నం చుట్టుపక్కల రోజువారీ దారులన్నీ మారిపోతాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టూ పాతనగరం వీధులు కిక్కిరిసి ఉంటాయి. నౌకాదళ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ జరిగే రోజుల్లో ఆర్కే బీచ్ వైపు ట్రాఫిక్‌ను మళ్ళిస్తారు. ఇటువంటి రోజుల్లో బండ్లు ఎప్పుడూ రాని సందుల్లోకి వస్తాయి కనుక, బిడ్డ నేర్చుకున్న గుర్తులు పనిచేయవు.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఒంటరి నడక రద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తరువాత ఈ ఊరిలో ఎవరికీ దాని గురించి వేరుగా చెప్పనక్కరలేదు, అయితే తుపాను వెళ్ళిపోయిన తరువాతి రెండు మూడు రోజులను చాలామంది మరచిపోతారు. విరిగి వేలాడే కొమ్మలు, తెగిన తీగలు, నీళ్ళ కింద కనిపించని గుంతలు ఆ రోజుల్లోనే ఉంటాయి. వాన పడుతున్నప్పుడు కరెంటు స్తంభాలను, రోడ్డు పక్కన ఉండే కరెంటు పెట్టెలను తాకకూడదని, పారే నీటిలో అడుగు పెట్టకూడదని చెప్పండి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైనప్పుడు దారిని కొత్తగా పరీక్షించాలి. సాయంత్రం నాలుగింటికి మనుషులతో కళకళలాడే వీధి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు నిర్మానుష్యంగా ఉంటుంది. ఇస్త్రీ బండి ఉండదు, కొట్లు సగం షట్టర్ దించి ఉంటాయి. మీరు కుదుర్చుకున్న ఆగే చోట్లలో ఆ వేళకు ఏవి తెరిచి ఉంటాయో వెళ్ళి చూడండి. ఎండ దెబ్బ సంగతి సరేసరి: టోపీ, నిండుగా నీళ్ళ సీసా, నీడ ఉన్న పక్క నడక. దీనికి భిన్నంగా నవంబరు చివరలో విశాఖలో సాయంత్రం ఐదూ ఇరవై ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. ఆటల కోసమో, స్టడీ అవర్ కోసమో ఐదు దాటి ఉండిపోయే పిల్లలు చీకట్లో నడవవలసి వస్తుంది కనుక, ఆ రెండు మూడు నెలలు మీరు ఎదురు వెళ్ళండి.

తమ్ముడినో చెల్లెలినో అప్పగించే ముందు

ఒంటరిగా రాగలిగిన పదేళ్ళ బిడ్డకు ఆరేళ్ళ తమ్ముడిని కూడా తీసుకురమ్మని చెప్పడం మన ఇళ్ళలో మామూలే. ఒక్కసారిగా అలా చేయవద్దు. తన జాగ్రత్త తను చూసుకోవడం ఒక పని, చెయ్యి విడిపించుకొని పరిగెత్తే మరొకరిని చూసుకోవడం వేరొక పని. రెండో దానికి ఇంకొక ఏడాది ఆగి, నాలుగో మెట్టును ఇద్దరితో మొదటి నుంచి చేయించాలి. దారిలో చిన్నవారికి ఏదైనా జరిగితే ఆ నెపం పెద్ద బిడ్డ మీద వేయకూడదు.

మొదటి రోజు, ఆ తరువాత

బడికి ఒక ఉత్తరం రాసి, ఫలానా తేదీ నుంచి మా బిడ్డ ఒంటరిగా వస్తుందని, ముందే వదిలే రోజున తప్పనిసరిగా సమాచారం ఇవ్వాలని కోరండి. తరగతి ఉపాధ్యాయుల నంబరు తీసుకోండి. మొదటి రోజు సోమవారం కాకుండా వారం మధ్యలో, వాన సూచన లేని రోజు పెట్టుకోండి. ఇంట్లో పెద్దవారు ఎవరో ఒకరు తప్పకుండా ఉండాలి. గుమ్మంలోకి రాగానే ప్రశ్నల వర్షం కురిపించకుండా, కాళ్ళు కడుక్కొని ఏదైనా తిన్న తరువాత "దారిలో ఎక్కడ ఆగావు" అని ఒక్కటి అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు పిల్లలు మిగతావన్నీ వాళ్ళే చెబుతారు.

మొదటి నెలలో వారానికి ఒకసారి, తరువాత నెలకొకసారి మీరు మళ్ళీ వెనక నడిచి చూడండి. రోడ్డు చూడకుండా దాటడం, దారి మార్చడం, ఆలస్యానికి కారణం దాచడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఒంటరి నడక ఆపి, రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి. ఆపేటప్పుడు దాన్ని శిక్షగా చెప్పవద్దు, "ఇంకొంచెం సాధన చేద్దాం" అనండి. కొన్ని వారాల తరువాత బిడ్డే "నాకు భయంగా ఉంది, రేపు నువ్వు రా" అంటే, కారణం చెప్పినా చెప్పకపోయినా మరునాడు గేటు దగ్గర ఉండండి. కారణం ఆ నడకలోనే మెల్లగా బయటపడుతుంది. ఇల్లు మారినా, బడి మారినా, దారిలో కొత్తగా రోడ్డు వెడల్పు చేసినా, పాత అనుభవం ఉంది కదా అని ఊరుకోకుండా, మళ్ళీ చిన్న పుస్తకం పట్టుకొని బడి వదిలే వేళకు ఆ గేటు దగ్గరకు వెళ్ళండి.